రైతుల మొఱ: 1855వ సంవత్సరపు మద్రాసు విచారణ



మన పల్లెలలో నలుగురు పెద్దలు అరుగుమీద కూడినచోట తఱచుగా వినవచ్చు మాట యొకటి కలదు. "ఎవరితో చెప్పుకొందుము?" అనునదే యా మాట. పొలము పేరు మార్పించుకొనుటకై యేడాదినుండి తిరుగుచున్న రైతు ఆ మాట యనును. పింఛను కాగితము చేత బట్టుకొని కచేరీ మెట్లమీద కూర్చున్న ముసలమ్మయు ననును. నేనును అనినవాడనే. కొన్ని యేండ్ల క్రిందట మా తండ్రిగారి పొలమును నా పేర వ్రాయించుకొనుటకై యొక కచేరీకి పదునొకండు మారులు తిరిగితిని. పండ్రెండవ మారు గుమాస్తా నా కాగితమువైపు చూడనైనను చూడక, "దీనిమీద బరువు చాలలేదండీ" అనెను. ఆ బరువేమో నాకు తెలియును. పెట్టితిని. మఱునాడే పని జరిగినది. ఇంటికి వచ్చిన తరువాత ఆ గుమాస్తా మీదకంటె నామీదనే నాకు కోపము మిక్కుటముగా వచ్చినది.

నాకు వచ్చిన కోపము క్రొత్తది కాదు. నూఱేండ్లకు పైబడిన కాలమున మన తాతముత్తాతలకును వచ్చినది. అయితే వారిలో కొందఱు దానిని అరుగుమీదనే విడిచిపెట్టక కాగితముమీద పెట్టిరి. ఆ కథయే నేడు మీకు మనవి చేయదలచితిని.

ఆ కాలమున కోస్తా జిల్లాలును, రాయలసీమయు మద్రాసు రాజధానిలోనివై, ఇంగ్లీషు ఈస్టిండియా కుంఫిణీవారి పాలనలో నుండెను. కుంఫిణీవారికి ముఖ్యమైన ఆదాయము భూమిశిస్తు. జమీందారీలు లేనిచోట్ల చాలవఱకు రైత్వారీ పద్ధతి నడచుచుండెను. శిస్తు రేట్లు హెచ్చుగా నుండుటచే పంట సరిగా రాని యేట రైతు చెల్లింపలేకుండెను. అందుచే ఏటేట జమాబందీ జరిపి, ఎవరి పొలము పండినదో, ఎవరి పొలము ఎండినదో విచారించి, కొంత శిస్తు తగ్గించుట ఆచారమయ్యెను. వినుటకిది దయగల యేర్పాటువలెనే యుండును. కాని పొలము ఎండినదని వ్రాయువాడు కరణము. అది నిజమేయని పైకి పంపువాడు తహసీల్దారు. కరణము కలమునకు వెల యేర్పడినది; తహసీల్దారు సంతకమునకు అంతకు మించిన వెల యేర్పడినది. ఎండిన పొలము పండినట్లును, పండిన పొలము ఎండినట్లును లెక్కలలోనికెక్కుట సామాన్యమయ్యెను. వెల యిచ్చుకోలేని పేదరైతు, తన పొలమున పండని పంటకు శిస్తు కట్టవలసివచ్చెను.

వాడు కట్టలేడు. అప్పుడేమి జరుగును? ఈ ప్రశ్నకు సమాధానము 1816వ సంవత్సరమున చేయబడిన యేర్పాటులో నున్నది. అంతకు పూర్వము జిల్లా జడ్జీలకు నుండిన మేజిస్ట్రేటు అధికారమును ఆ సంవత్సరమున కలెక్టర్లకు మాఱ్చిరి. తహసీల్దార్లకును, గ్రామాధికారులకును పోలీసు పని నప్పగించిరి. ఖర్చు తగ్గుననియు, దేశపు పాతమర్యాదకు సరిపడుననియు ఆ యేర్పాటు చేసినవారి తలంపు. ఫలితము మాత్రము వేఱు. శిస్తు వసూలు చేయువాడును, దొంగను పట్టుకొనువాడును, శిక్షించువాడును ఒక్క గొలుసులోని కొలికులైరి. శిస్తు అడుగ వచ్చిన బంట్రోతే పోలీసు జవాను. అతడు కొట్టినాడని మొఱపెట్టుకొనదలచినవాడు అతని యజమానుని యొద్దకే పోవలెను.

ఆ దినములలో మద్రాసు పట్టణమున గాజుల లక్ష్మీనరసు శెట్టిగారను తెలుగు వర్తకుడుండెను. ఆయన 1806వ సంవత్సరమున జన్మించెను. వ్యాపారమున ధనము గడించి, ఆ ధనమును ప్రజాకార్యములకు వెచ్చింప మొదలిడెను. 1844లో "క్రెసెంటు" అను ఇంగ్లీషు పత్రికను వెలువరించెను. 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ అను సంఘము నెలకొల్పుటలో ఆయనయే ముందు నడచెను. దక్షిణ దేశమున ప్రభుత్వముతో ప్రజలపక్షమున మాటలాడుటకై పుట్టిన తొలి సంఘమిదియే.

ఆ కాలమున కుంఫిణీవారి పాలనాధికారమును బ్రిటిషు పార్లమెంటువారు ఇరువదేండ్ల కొకసారి పునర్విమర్శ చేయుచుండిరి. ఆ గడువు 1853లో రానుండెను. ఆ సమయము నెఱిగి లక్ష్మీనరసు శెట్టిగారి సంఘమువారు 1852 కడపట పార్లమెంటునకు దీర్ఘమైన వినతిపత్రము వ్రాసిరి. శిస్తు భారము, మగ్గములమీదను చేతిపనులమీదను వేయబడిన మొహతర్ఫా పన్ను, న్యాయస్థానములలోని జాప్యము, చెరువులు కాలువలు బాగుచేయింపకుండుట, రోడ్లు లేకుండుట, చదువునకు తగిన ధన మీయకుండుట మున్నగు కష్టములను అందు వివరించిరి.

1853లో పార్లమెంటు సభ్యుడైన డాన్బీ సీమోరు దొర మద్రాసునకు వచ్చెను. లక్ష్మీనరసు శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని జిల్లాలు త్రిప్పిరి. శిస్తు బకాయీలకై రైతుల శరీరములను ఏ విధముగా హింసించుచున్నారో ఆ దొర బాధితుల నోటనే వినెను. 1854 జూలైలో మద్రాసు రాజధాని రైతుల దుస్థితి పార్లమెంటులో చర్చకు వచ్చినపుడు, హింసపెట్టి శిస్తు వసూలు చేయుచున్నారన్న సంగతి బయటపడెను. కుంఫిణీ పక్షమువారు కొందఱు, ఇది నమ్మదగినది కాదనిరి. ఇక విచారింపక తప్పినది కాదు. మద్రాసు గవర్నరు లార్డు హారిసు 1854 సెప్టెంబరులో ముగ్గురితో నొక విచారణ సంఘమును నియమించెను. వారు ఎలియట్టు, స్టోక్సు, జాన్ బ్రూసు నార్టను అనువారు. వీరిలో నార్టను న్యాయవాది. మద్రాసు పాలనలోని లోపములను గూర్చి అంతకుముందే బాహాటముగా వ్రాసినవాడు.

విచారణ సంఘమువారు దేశభాషలలో ప్రకటనలు చేయించిరి. హింసకు గురియైనవారు మద్రాసునకు వచ్చి చెప్పుకొనవచ్చును, లేదా వ్రాసి పంపవచ్చును. ఆ కాలమున రైళ్లు లేవు. రాజధానిలో మొదటి రైలు నడచినది 1856లో. దూరపు జిల్లాల రైతునకు మద్రాసనగా కాలినడకనో బండిమీదనో దినములతరబడి సాగవలసిన దారి. తిరిగి వచ్చిన తరువాత అదే గ్రామమున, అదే కరణము ఎదుటను, అదే బంట్రోతు ఎదుటను బ్రతుకవలెను. ఐనను మొఱలు వచ్చినవి. కొందఱు స్వయముగా వచ్చి చెప్పుకొనిరి. ఎక్కువమంది వ్రాసి పంపిరి. మొత్తము 1,959 మొఱలు సంఘమువారికి చేరినవి. 1855 ఏప్రిలులో వారు తమ నివేదికను సమర్పించిరి.

ఆ నివేదికలో చెప్పబడిన హింసలను వినుట కష్టమే. అయినను కొన్నిటిని చెప్పక తప్పదు. బకాయీదారును మండుటెండలో నిలువబెట్టుట. అన్నమునకు గాని, కాలకృత్యములకు గాని పోనీయకుండుట. పశువులను మేతకు విడువక కొట్టములో బంధించుట. బంట్రోతును రైతు ఇంట కూర్చుండబెట్టి, వాని దినబత్తెమును ఆ రైతుచేతనే యిప్పించుట. మోకాళ్ల సందున ఇటుక ముక్కలుంచి గొంతుక కూర్చుండబెట్టుట. ఇద్దఱు బకాయీదారుల జుట్లను ఒకటిగా ముడివేయుట. తలజుట్టును గాడిద తోకకో దున్నపోతు తోకకో కట్టుట. ఎముకల దండ మెడలో వేయుట. వీటన్నిటిలోను ఎక్కువగా వాడుకలో నుండినవి రెండు. ఒకటి, చేతివ్రేళ్లను కఱ్ఱల నడుమ నిఱికించి నొక్కుట. తమిళులు దానిని కిట్టి యనిరి. మనవారు చిరత యనిరి. భజనలో తాళము వేయు చిరతల పేరే యీ పాపపు పనిముట్టునకును పెట్టిరి. రెండవది, మనిషిని వంచి, తలను కాళ్లకు చేర్చి త్రాటితో బిగించి, గంటలకొలది అట్లే యుంచుట. దానికి మనవారి పేరు గింగిరి.

నివేదికలోని యొక ముఖ్యవిషయమును మన మిచట దాటిపోరాదు. ఈ పనులు చేసిన చేతులు ఎవరివి? కలెక్టరు దొర స్వయముగా చిరత పట్టలేదు. పట్టినవారు తహసీల్దారు క్రింది బంట్రోతులు, గ్రామాధికారులు, గ్రామ సేవకులు. అనగా మనవారే, ఒకే యూరివారు, ఒకే చెరువు నీరు త్రాగినవారు. విచారణ సంఘమువారు దీనిని చక్కగా ఎత్తిచూపిరి. అంతటితో నాగక, ప్రజలు వేడుకొనునది తమ స్వదేశస్థుల క్రౌర్యమునుండి రక్షింపుడనియే కాని, దొరల నిర్దయవలన గాదని వ్రాసి, పై యధికారులను చాలవఱకు నిర్దోషులనుగా జేసిరి.

ఈ తీర్పులో సగము నిజమున్నది, సగము లేదు. చేసినవారు మనవారగుట నిజము. ఆ సిగ్గు మనదే. కాని హెచ్చు శిస్తు నిర్ణయించినది ఎవరు? గడువులోగా ఖజానాకు సొమ్ము చేరనిచో తహసీల్దారును దండించినది ఎవరు? సొమ్ము వచ్చిన తరువాత అది యెట్లు వచ్చినదని యడుగనివారు ఎవరు? అడుగకుండుటయే వారి నేరము. క్రింద జరుగు అక్రమమువలన పైవానికి లాభము కలుగుచున్నంత కాలము, పైవాని కండ్లకు అది కనబడదు.

మఱియొక ప్రశ్నకును ఆ నివేదికలో చక్కని సమాధానము దొరకును. ఇన్ని యేండ్లు ఇంత హింస జరుగుచుండగా, రైతులు ఏల చెప్పుకొనలేదు? మన గుణమునే తప్పుబట్టి, మనవారు పిఱికివారని చెప్పుట సులభము. అది కారణము కాదు. కలెక్టరునకు అర్జీ పెట్టినచో అది విచారణకై తిరిగి తహసీల్దారు యొద్దకే వచ్చుచుండెను. రైతు నేరము రుజువు చేసినను, కలెక్టరు తానుగా విధింపగలిగినది 50 రూపాయల జుల్మానాయో, ఒక నెల ఖైదో మాత్రమే. అంతకు మించిన శిక్ష కావలెనన్నచో పై న్యాయస్థానమునకు పంపవలెను. అది దూరము. అక్కడికి సాక్షులను తీసికొనిపోవలెను. అంతవఱకు పొలము బీడు పడియుండును. ఇటు చూచిన బంట్రోతు, అటు చూచిన వాని యజమానుడు, నడుమ రైతు. "ఎవరితో చెప్పుకొందుము?" అను మాట అక్కడ పుట్టినది.

మఱి ఆ 1,959 మొఱల ఫలమేమి? హింస గలదని కుంఫిణీ ప్రభుత్వము ఒప్పుకొనవలసివచ్చెను. అచ్చుపడిన నివేదికను కాదనుట యెవరికిని సాధ్యము కాలేదు. 1859వ సంవత్సరపు మద్రాసు పోలీసు చట్టముచే పోలీసు శాఖను శిస్తు వసూలు శాఖనుండి వేఱు చేసిరి. తహసీల్దారు చేతినుండి లాఠీ తొలగెను. 1860లో భారత శిక్షాస్మృతి వెలువడినది. శిస్తు బకాయీకై రైతును హింసించు రెవెన్యూ ఉద్యోగి నేరస్థుడగునని అందు 330వ సెక్షను క్రింద ఉదాహరణగా స్పష్టముగా వ్రాసిరి. 2024లో ఆ స్మృతి స్థానమున భారతీయ న్యాయ సంహిత వచ్చినది. ఆ నిబంధన అందు 120వ సెక్షనుగా నిలిచియున్నది. పోలీసువారితో ఒప్పుకొన్న నేరమును న్యాయస్థానమున రుజువుగా వాడరాదన్న సూత్రమును 1861వ సంవత్సరపు క్రిమినల్ ప్రొసీజరు కోడునందును, తరువాత 1872వ సంవత్సరపు సాక్ష్య చట్టమునందును చేర్చిరి.

అన్నియు చక్కబడినవని నేను చెప్పుట లేదు. శిస్తుకై చిరత పట్టుట క్రమముగా సమసిపోయినది. పోలీసు ఠాణాలలోని హింస సమసిపోలేదు. లంచము బొత్తిగా సమసిపోలేదు. మేజిస్ట్రేటు పనిని కలెక్టరు కచేరీనుండి దేశమంతట పూర్తిగా వేఱు చేయుటకు 1974 ఏప్రిలులో అమలునకు వచ్చిన క్రొత్త క్రిమినల్ ప్రొసీజరు కోడువఱకు ఆగవలసివచ్చెను. 1816లో ముడివేసిన ముడి విప్పుటకు 158 సంవత్సరములు పట్టినది! వంశపారంపర్యముగా వచ్చిన కరణము, మునసబు పదవులను ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1984లో రద్దుచేసినది. పాత పేర్లు పోయినవి. బరువడుగు అలవాటు మాత్రము క్రొత్త బల్లల వెనుకకు చేరినది.

లక్ష్మీనరసు శెట్టిగారి సంగతియు చెప్పవలెను. ఆయన 1863లో మద్రాసు శాసనసభలో సభ్యుడయ్యెను. కాని ఆర్జించినదంతయు పత్రికకును, సంఘమునకును వ్యయమై, ఆయన 1868లో బీదస్థితిలోనే కన్నుమూసెను. ఆయనకు రాజ్యాధికారము లేదు, సైన్యము లేదు. ఉండినవి ఒక పత్రిక, ఒక సంఘము, సమయ మెఱిగిన తెలివి. ఆయన చేసిన పని వినుటకు చిన్నదిగా నుండును: నిజము చెప్పగల రైతును, వినవలసినవానిని ఒకచోట కలిపెను.

పెద్దలారా, ఈ కథలో ముఖ్యముగా గ్రహింపవలసినది నాకు తోచినంతవఱకు ఒక్కటే. తీసికొనువాడు, దండించువాడు, మొఱవినువాడు ఒక్కడైనచోట మంచివాడును చెడిపోవును. ఆ మువ్వురిని వేఱుచేసినచోట చెడ్డవాడును కొంత జంకును. మనుష్యులు మంచివారు కావలెనని కోరుచు కూర్చుండుటకంటె, మొఱవినువానిని వేఱుగా నిలువబెట్టుట మేలు. 1855 నాటి రైతులకు అట్టివాడు మొదటిసారిగా దొరకెను. దొరకినదే తడవుగా వందలమైళ్ల దూరమునుండియైనను వారు వచ్చిరి, పేరు చెప్పిరి, గ్రామము చెప్పిరి, ఎవడు కొట్టినది, ఎంత పుచ్చుకొన్నది చెప్పిరి. పేరుగల మొఱ నిలుచును. "అంతయు దొంగలే" అని యరుగుమీద నిట్టూర్చిన మొఱ గాలిలో పోవును. అంతయు దొంగలే యన్నప్పుడు నిజమైన దొంగకు కూడ అది హాయిగనే యుండును.

మనకు నేడు ఆ నాటివారికి లేని సాధనములున్నవి. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టము ప్రకారము నా అర్జీ యెక్కడ నిలిచినది, ఎవరి బల్లమీద నిలిచినది, ఏల నిలిచినది అని నేను అడుగవచ్చును. సామాన్యముగా 30 దినములలో సమాధాన మీయవలెను. అవినీతి నిరోధక చట్టము 1988 నాటిది. దానిని 2018లో సవరించినపుడు లంచ మిచ్చినవానిని కూడ నేరస్థుడని పేర్కొనిరి; కాని బలవంతముచే ఇచ్చినవాడు ఏడు దినములలోగా అధికారులకు తెలియజేసినచో అతనికి శిక్ష లేదు. ఈ ఏడు దినముల సంగతి మన పల్లెలలో ఎందఱికి తెలియును? బరువు పెట్టి వచ్చిన నాడు నాకు తెలియదు. తెలిసియున్నచో ఆ కోపమును ఏమి చేయవలెనో నాకు తోచియుండెడిది.

ఇందుకు సాహసము కావలెనందురు. నిజమే. ఒంటరివానికి అది కష్టము. ఇచటనే గ్రామపెద్దలైన మీ పని యున్నది. చిరత పట్టిన నాడు చావడిలో చూచుచుండినవారు ఊరి పెద్దలే. కొందఱు బెదరి యూరకుండిరి. కొందఱు తమ శిస్తు తగ్గినది చాలునని యూరకుండిరి. ఆ పేదరైతు వ్రాయించిన అర్జీకి సాక్షిసంతకము పెట్టిన పెద్దయు ఎక్కడనో యొకడుండియుండును. అతని పేరు మనకు తెలియదు. కాని అట్టివాడు లేకున్నచో చదువురాని రైతు మొఱ మద్రాసువఱకు నడచునా?

కావున ఇక ముందు అరుగుమీద ఎవరైన "ఎవరితో చెప్పుకొందుము?" అన్నప్పుడు, మీరు "నిజమే నాయనా" అని తలయూపి యూరకుండవలదు. "కూర్చో. తేది చెప్పు. ఎవరడిగిరి, ఎంత యడిగిరి చెప్పు. వ్రాయుదము. క్రింద నేనును సంతకము పెట్టెదను" అనుడు. ఆ సంతకమునకు గల బరువు, కాగితముమీద పెట్టు ఏ నోటునకును లేదు.

సెలవు.